ఏదీ లెక్కలోకి రాదన్న వాదనలో తప్పు ఎక్కడుంది?

సున్నాకింద_సున్నా
సూటిగా అడుగుతున్నా. ఇంకో వంద కోట్ల ఏళ్లకు ఎండ తీవ్రత పెరిగి సముద్రాలు ఆవిరైపోతాయి. ఐదు వందల కోట్ల ఏళ్లకు సూర్యుడే ఉబ్బి ఎర్రబారతాడు. అంతదాకా ఎందుకు, మూడు తరాలు దాటితే మన పేరు పలికేవాడే ఉండడు. పైనుంచి ఎవరూ మనకు పని అప్పగించి పంపలేదు. ఈ మూడూ ఒప్పుకున్నాక, పొద్దున్నే లేచి చేసే పనికి అర్థం ఎక్కడినుంచి వస్తుంది?

జనం చెప్పే జవాబులు రెండే. దేవుణ్ణి నమ్ము, లేదా నీ అర్థం నువ్వే తయారు చేసుకో. మొదటిది నమ్మకం లేనివాడికి పనికిరాదు. రెండోది ఇంకా బోలు. నేను రాసుకున్న చట్టాన్ని నేనే కొట్టేయగలిగితే ఇక అది చట్టమెలా అవుతుంది? సూర్యోదయం చూడు, నడకకు వెళ్లు లాంటి సలహాలు దయచేసి వద్దు. వాదనలో తప్పుంటే చూపించండి. లేదంటే, తప్పు లేదని తెలిసినవాళ్లు రోజు ఎలా నడుపుకోవాలో చెప్పండి.

తర్కాల_తిరకాసు
మీరు ఒక వాదన అంటున్నవి మూడు. ఒకేసారి మీద పడితే భయంగానే ఉంటాయి. విడదీస్తే ఒక్కోటి ఒక్కో చోట విరుగుతుంది.

కాలం సంగతి. అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్ 1971లో రాసిన వ్యాసంలో దీన్ని తిప్పికొట్టాడు. ఇప్పటి మన పనులు పది లక్షల ఏళ్ల తర్వాత లెక్కలోకి రావంటే, అదే లెక్కన పది లక్షల ఏళ్ల తర్వాతి సంగతులేవీ ఇప్పుడు లెక్కలోకి రావు. "అప్పుడు లెక్కలోకి రాదు" అన్నది కూడా ఆ సంగతుల్లో ఒకటే. ఇప్పటి విలువను కొట్టేసే అధికారం ఆ దూరపు కాలానికి మీరే కట్టబెట్టారు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

చావు సంగతి. డెబ్బై ఏళ్ల బతుకు వ్యర్థమైతే దాన్ని అంతులేకుండా సాగదీస్తే వ్యర్థమూ అంతులేకుండా సాగుతుంది, అంతే. పొడవు పెంచితే వచ్చే గుణం కాదది.

పైనుంచి అప్పగించినవాడు లేడన్నది కాస్త గట్టి మాట. కానీ అప్పగించినవాడు ఉన్నా మీ సమస్య తీరదు. మనుషుల్ని తినే జీవులేవో తమ తిండి కోసమే మనల్ని పెంచుతున్నాయనుకోండి. ఇదీ నేగెల్ చెప్పిన ఉదాహరణే. అప్పుడు మన బతుక్కి పైనుంచి వచ్చిన ప్రయోజనం ఖచ్చితంగా ఉంది. దాంతో ఎవరికి తృప్తి?

ఇంకొకటి. "ఎందుకు" అన్న ప్రశ్నను ఎంత లాగినా ఆగదని మీరు అనుకుంటున్నారు. ఆగుతుంది. తలనొప్పికి మాత్ర ఎందుకు అంటే నొప్పి పోవడానికి. నొప్పి ఎందుకు పోవాలి అని అడిగేవాడికి ప్రశ్న అర్థం కాలేదని చెప్పాలి తప్ప జవాబు వెతకక్కర్లేదు.

ఎందుకైనా_మంచిది
సూర్యుడు ఉబ్బేదాకా ఆగమని ఇంటి ఓనర్‌తో చెప్పి చూడండి, అద్దె విషయంలో ఆయన ఏ తత్వవేత్తో తెలుస్తుంది.

చార్వాకుడి_చుట్టం
తిరకాసు గారూ, నేగెల్‌ని సగమే చెప్పారు. అదే వ్యాసంలో ఆయన చివరికి జీవితం అసంబద్ధమనే తేల్చాడు. కారణం మాత్రం సూర్యుడూ కాదు, చావూ కాదు. మనిషి తన పనుల్ని ప్రాణం పెట్టి చేస్తాడు. అదే మనిషి కాస్త ఎడంగా నిలబడి తన్ను తాను చూసుకుంటే, ఇవన్నీ ఇలాగే ఎందుకుండాలి, ఇంకోలా ఉంటే పోయేదేముంది అనిపిస్తుంది. ఈ రెండు చూపులూ ఒకే బుర్రలో కాపురం చేస్తాయి. ఒకదాన్ని ఇంకొకటి పూర్తిగా గెంటేయలేదు. కాబట్టి సున్నా గారు చెప్పిన కారణాలు తప్పు, ఇచ్చిన తీర్పు ఒప్పు.

తర్కాల_తిరకాసు
కాదనను. కానీ ఆ తీర్పులోంచి "కాబట్టి లేవకు" అన్నది రాదు. ఏదీ ముఖ్యం కాదన్నది నిజమైతే ఆ నిజమూ ముఖ్యం కాదు. దానికోసం నిద్ర చెడగొట్టుకునేవాడు దాన్నొక్కదాన్నీ మహా ముఖ్యం చేసి కూర్చోబెట్టినట్టే. ఫ్రెంచ్ రచయిత కామూతో నేగెల్ పేచీ కూడా ఇక్కడే. గ్రీకు పురాణాల్లో సిసిఫస్‌కు దేవతలు వేసిన శిక్ష, ఒక బండను కొండెక్కించడం, అది దొర్లిపోతే మళ్లీ ఎక్కించడం, ఎప్పటికీ అంతే. 1942లో కామూ ఆ సిసిఫస్‌ని పట్టుకొచ్చి, బండ దొర్లిపోతుందని తెలిసీ తలవంచని ధిక్కారాన్ని జవాబుగా చూపించాడు. నేగెల్‌కు అందులో కాస్త నాటకీయత, తన మీద తనకే జాలి కనిపించాయి. చిన్న వెక్కిరింపు నవ్వుతో సరిపోయేదానికి పిడికిలి బిగించడం దేనికని.

నిదానంగా_చెప్తా
వాదనలోకి మరీ దిగకముందే ఒకటి తేల్చుకోవాలి. ఇది సందేహమా, డిప్రెషనా? రెండూ ఒకే మాటలు మాట్లాడతాయి. అందుకే బయటివాళ్లే కాదు, ఆ మనిషి కూడా పొరబడతాడు.

సందేహంలో ఉన్నవాడికి ఆ సందేహం మీదే ఆసక్తి ఉంటుంది. వాదిస్తాడు, కోపం తెచ్చుకుంటాడు, మంచి జోకు పడితే నవ్వుతాడు, తిండి రుచిస్తుంది. డిప్రెషన్‌లో ఉన్నవాడికి ఆ వాదన కూడా చప్పగానే ఉంటుంది. ఒకప్పుడు ఇష్టమైన పాట, ఆట, మనిషి, ఏదీ కదిలించదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు, లేదా ఎంత పడుకున్నా చాలదు. ఆకలి మారుతుంది, మాట నెమ్మదిస్తుంది, దేనికైనా తప్పు తనదే అనిపిస్తుంది. ఇలాంటివి దాదాపు రోజూ, రెండు వారాలకు పైగా ఉంటే ముందు డాక్టర్, తర్వాతే నేగెల్.

ఇంట్లో కూర్చుని ఒక అంచనాకు రావాలంటే పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్ ప్రశ్నావళి ఉంది. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే చూపించుకోవాలి. అది వడపోత మాత్రమే, జబ్బు నిర్ధారణ దానితో అవదు. తొమ్మిదో ప్రశ్న చావు, స్వీయహాని ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా మొత్తం ఎంతయిందో చూసుకుంటూ కూర్చోకండి, ఆ రోజే ఒక మనిషితో మాట్లాడండి. థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా, బీ12 తగ్గినా, మద్యం ఎక్కువైనా మనిషి ఇలాగే చప్పబడతాడు. రక్తపరీక్షతో బయటపడేదానికి ఉపనిషత్తులు తిరగేయడం ఎందుకు?

చార్వాకుడి_చుట్టం
ఇదిగో, నిజం మాట్లాడినవాడికి మాత్ర రాసిచ్చే అలవాటు. ఒకడు దిగులుగా ఉన్నంత మాత్రాన వాడి మాట అబద్ధమైపోతుందా? లెక్కల మాస్టారికి జ్వరమొస్తే రెండూ రెండూ ఐదు అవుతుందా?

నిదానంగా_చెప్తా
అవదు. వాదన నిజమో కాదో మూడ్‌ని బట్టి తేలదు, ఆ మాట మీది. కానీ వాదన బరువు మూడ్‌ని బట్టే మారుతుంది. దానికో పరీక్ష ఉంది. అదే వాక్యాన్ని కాగితం మీద రాసి రాత్రి రెండింటికి చదవండి, పగలు పదకొండింటికి చదవండి, బాగా నిద్రపోయిన మర్నాడు చదవండి. ప్రతిసారీ "ఇది నిజం" అన్నదానికి ఎన్ని మార్కులు, "ఇది భరించలేను" అన్నదానికి ఎన్ని మార్కులు, విడివిడిగా వేయండి. మొదటి మార్కు నిలకడగా ఉండి రెండోది ఊగుతుంటే మిమ్మల్ని తొక్కేస్తున్నది వాదన కాదు. రెండోది ఏ వేళప్పుడు చదివినా పైనే ఉండిపోతే, పైన చెప్పిన డాక్టర్ మాట మళ్లీ చదవండి.

పాతపుస్తకం
పద్దెనిమిదో శతాబ్దపు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దీన్ని ఎప్పుడో రాశాడు. తన తర్కం తననే చీకట్లోకి నెట్టినప్పుడు మిత్రులతో భోంచేసి, బ్యాక్‌గామన్ అనే పాచికల ఆట ఆడి, మూడు నాలుగు గంటలు సరదాగా గడిపి మళ్లీ ఆ ఊహల దగ్గరికి వస్తే అవి చల్లగా, బలవంతంగా లాక్కొచ్చినట్టుగా, నవ్వొచ్చేలా ఉన్నాయట. తర్కం తప్పని ఆయన అనలేదు. పట్టు సడలిందన్నాడు.

ఎందుకైనా_మంచిది
అంటే లూడో ఆడమని వైద్యుడి సలహా. రాసిపెట్టుకున్నా.

సున్నాకింద_సున్నా
పీహెచ్‌క్యూ 6 వచ్చింది, తొమ్మిదోదానికి సున్నా. కాలం వాదన విరిగిందని ఒప్పుకుంటున్నా. చావు వాదన కూడా. కానీ అసలు ముల్లు అలాగే ఉంది. నేనే పెట్టుకున్న అర్థానికి నన్ను నిలబెట్టే శక్తి ఎక్కడిది? ఇవాళ తోటపని నా అర్థం, రేపు కాదు అంటే అడిగేవాడెవడు?

తర్కాల_తిరకాసు
రిచర్డ్ టేలర్ అనే తత్వవేత్త 1970లో సరిగ్గా ఈ మెలికే వేశాడు. దేవతలు సిసిఫస్ మీద దయతలచి, బండ దొర్లించాలన్న కోరికను అతని నరాల్లోకి ఎక్కించారనుకోండి. బండ అదే, కొండ అదే. ఇప్పుడతనికి అంతకంటే కావాల్సింది లేదు. బతుకు అర్థవంతమైనట్టేనా? ఇష్టం ఉంటే చాలనేవాళ్లు అవునంటారు. సూజన్ వుల్ఫ్ అనే తత్వవేత్త ఒప్పుకోదు. ఆమె లెక్కలో రెండూ కలవాలి. మనసు దేనిమీదో పడాలి, పడిన ఆ వస్తువుకు మన ఇష్టంతో పని లేకుండానే కాస్త యోగ్యత ఉండాలి. మనసు లేకుండా చేసే గొప్ప పని వెట్టి. యోగ్యత లేనిదాని మీద మనసు పడితే మత్తు.

చార్వాకుడి_చుట్టం
ఆ యోగ్యత కొలిచే తక్కెడ ఎవరి చేతిలో ఉంది? తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

శ్రుతి_చూసుకో
ఇక్కడ ఇద్దరూ ఒక సంగతి దాటేస్తున్నారు. ఏ పనిలోకి దిగాలన్నది మన ఇష్టం. దిగాక అందులో ఏది సరి, ఏది తప్పు అన్నది మన ఇష్టం కాదు.

ఒక తీగ సెకనుకు 440 సార్లు, పక్క తీగ 442 సార్లు కంపిస్తున్నాయనుకోండి. రెండూ కలిపి మీటితే శబ్దం సెకనుకు రెండుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ వినిపిస్తుంది. బిరడా తిప్పి 441కి తెస్తే ఆ ఊపు సెకనుకు ఒక్కసారికి తగ్గుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే ఊపు సాగి సాగి ఆగిపోతుంది. ఆ ఊపు ఉందా లేదా అన్నదానికి మీ అభిప్రాయంతో నిమిత్తం లేదు. వాద్యం ముట్టుకోకపోవడం మీ చేతిలో ఉంది. ముట్టుకున్నాక అపశ్రుతిని శ్రుతి అనడం మీ చేతిలో లేదు.

సున్నా గారు అడిగిన "నిలబెట్టే శక్తి", మనల్ని కట్టి ఉంచేది, ఇదే. చదరంగం, వడ్రంగం, అనువాదం, రోగి సేవ, పిల్లలకు భిన్నాలు నేర్పడం, అన్నిటికీ ఇలాంటి ఎదురు ఉంది. మీరు ఏమనుకున్నా ఒప్పుకోని ఎదురు. అలాంటి ఎదురు లేని పనులు ఎంచుకున్నవాళ్లకే నెల తిరిగేసరికి "ఇదంతా నేనే ఊహించుకున్నానా" అన్న అనుమానం మొదలవుతుంది.

సున్నాకింద_సున్నా
ఇది కొత్తగా ఉంది. కానీ వాద్యం పక్కన పెట్టేయడానికి నాకు అడ్డు లేదు కదా?

శ్రుతి_చూసుకో
లేదు. అందుకే రెండో కట్టు కూడా కావాలి, ఇంకో మనిషి. గురువారం సాయంత్రం వస్తానని ఒకరికి మాటిచ్చి వెళ్లకపోవచ్చు, ఎవరూ పట్టుకోరు. కానీ బాకీ పడింది మీరే, అవతలి మనిషి వదిలేస్తే తప్ప ఆ బాకీ పోదు. మన చట్టాన్ని మనమే కొట్టేయొచ్చన్న మాట మన ఒక్కరికే సంబంధించిన చట్టాలకు వర్తిస్తుంది. ఇద్దరి మధ్య ఉన్నదాన్ని ఒక్కరు కొట్టేయలేరు.

భక్తి_బండి
తిరకాసు గారి మనుషుల్ని తినే జీవుల ఉదాహరణ నమ్మేవాళ్లను తాకదు. భక్తుడు దేవుణ్ణి పని అప్పగించే యజమానిగా చూడడు. అక్కడున్నది అనుబంధం. పసిబిడ్డ తల్లిని "నన్నే ప్రయోజనం కోసం కన్నావు" అని అడగదు, అడగాల్సిన అవసరం పడదు. శ్రుతి గారు ఇప్పుడు ఇద్దరి మధ్య బాకీ అన్నారే, మేం చెప్పేదీ దాదాపు అదే, ఆ రెండోవారు ఎవరన్నదే తేడా. ఇక గీతలో కర్మ మీదే అధికారం, ఫలం మీద లేదన్నది (2.47) సున్నా గారి సూర్యుడికి నేరుగా జవాబు. ఫలం సూర్యుడితో పాటు కాలిపోతే పోనీ.

తర్కాల_తిరకాసు
అనుబంధం అన్నాక నా ఉదాహరణ బలం తగ్గుతుంది, నిజమే. కానీ అప్పుడు అర్థం ఆజ్ఞలోంచి కాక అనుబంధంలోంచి వస్తోందని మీరే ఒప్పుకున్నారు. నమ్మనివాడికీ ఆ తలుపు తెరిచే ఉంటుంది.

మధ్యేమార్గం
"శూన్యం" అన్నమాట ఇక్కడ ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఈ గొడవ కొత్తదేం కాదు. బుద్ధుడి కాలంలోనే అజిత కేశకంబలి అనే భౌతికవాది దానానికి ఫలం లేదు, మంచికీ చెడుకీ ఫలితం లేదు, చావుతో అంతా మట్టి అన్నాడు. దాన్ని ఉచ్ఛేదవాదం అన్నారు. బుద్ధుడు దాన్నీ తోసిపుచ్చాడు, ఆత్మ శాశ్వతమన్న ఎదుటి కొసనూ తోసిపుచ్చాడు. తర్వాత బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి శూన్యత వచ్చాక జనం దాన్ని మళ్లీ "ఏమీ లేదు" అనే చదివారు. ఆయన అన్నది, ఏదీ తనంత తానుగా, దేనిమీదా ఆధారపడకుండా లేదని. ఆధారపడి ఉన్నది లేనట్టు కాదు. ఆ తేడా పట్టుకోలేనివాణ్ణి శూన్యత నాశనం చేస్తుందని, పామును తప్పుగా పట్టుకున్నట్టేనని, తన గ్రంథం మూలమధ్యమకకారిక 24వ ప్రకరణం 11వ శ్లోకంలో ఆయనే హెచ్చరించాడు.

మన థ్రెడ్‌కి వస్తే, సున్నా గారు అర్థం అంటే దేనిమీదా ఆధారపడనిదై ఉండాలని ముందే షరతు పెట్టేసి, అలాంటిది దొరకలేదని బాధపడుతున్నారు. అలాంటిది అర్థానికే కాదు, దేనికీ లేదు.

చార్వాకుడి_చుట్టం
ఒప్పుకోను గానీ, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నన్ను ఆలోచనలో పడేసింది ఇదొక్కటే.

పాతపుస్తకం
వాదన ఒక కొలిక్కి వచ్చేలా ఉంది కాబట్టి ఒక కేసు చెప్తా. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్, 1826, వయసు 20. మూడేళ్లకే తండ్రి గ్రీకు మొదలుపెట్టించిన పిల్లవాడు, సమాజాన్ని సంస్కరించడమే జీవితమనుకున్నవాడు. ఒకరోజు తన్ను తానే అడిగాడు: నువ్వు కోరిన మార్పులన్నీ ఈ క్షణమే జరిగిపోతే నీకు సంతోషమేనా? లోపలినుంచి "కాదు" అని వచ్చింది. అంతే, కూలిపోయాడు.

ఇక్కడ సూర్యుడు ఉబ్బిపోవడం లేదు, ఓటమి లేదు. గెలిచినా ఏం మిగలదని తేలడమే దెబ్బ. కారణమేంటో ఆయనే వెతుక్కున్నాడు. ప్రతిదాన్నీ విప్పి చూసే అలవాటు ఇష్టాల వేళ్లను కొరికేసిందన్నాడు. ఆ నెలల్లో ఆయన రోజువారీ పనులు మానలేదు, అలవాటు కొద్దీ యంత్రంలా చేసుకుపోయాడు. ఫ్రెంచ్ రచయిత మార్మొంటెల్ జ్ఞాపకాల్లో, ఆ రచయిత తండ్రి చనిపోయిన ఘట్టం చదివి కన్నీళ్లు పెట్టుకున్నప్పుడు మొదటిసారి కాస్త తేలికపడ్డాడు. 1828లో వర్డ్స్‌వర్త్ కవిత్వం ఇంకాస్త పైకి తెచ్చింది.

దీన్నుంచి ఆయన పట్టుకున్న సూత్రం, సంతోషాన్ని గురిపెట్టి వెళ్తే దొరకదని. ఇంకేదో గురిగా పెట్టుకున్నవాడికి అది దారిలో తగులుతుంది. "నేను సంతోషంగా ఉన్నానా" అని అడిగిన క్షణం అది ఆగిపోతుంది. సంతోషం అన్నచోట అర్థం అని పెట్టి చదవండి.

నిదానంగా_చెప్తా
ఆస్ట్రియా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ చికిత్సలో ఇదే పనిముట్టు అయింది, మనసును తన మీదినుంచి తిప్పి బయటి పనిమీద పెట్టడం. పోస్టర్ల మీదికెక్కి ఆయన మాటలు అరిగిపోయాయి గానీ చెప్పింది చాలా నికరమైనది. అర్థం మూడు దారుల్లో వస్తుంది: ఏదైనా చేయడం, దేన్నైనా ఎవర్నైనా అనుభవించడం, తప్పించుకోలేని బాధ పట్ల తీసుకునే వైఖరి. మూడోదాన్ని జనం ఎక్కడపడితే అక్కడ వాడేస్తారు. తప్పించుకోగలిగిన బాధకు అది వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. పీడించే ఉద్యోగంలో వైఖరి మార్చుకుంటూ కూర్చోవడం ఫ్రాంకల్ కాదు, ముందు ఉద్యోగం మారే దారి చూడాలి.

ఎందుకైనా_మంచిది
మా మేనేజర్‌కి ఈ పోస్టు కనబడకుండా చూడండి.

గళ్లకాగితం
సున్నా గారు అడిగిన రెండో సగం, రోజు ఎలా నడుపుకోవాలన్నది, ఎవరూ ముట్టుకోలేదు. నేను ముట్టుకుంటా. నడకకు వెళ్లమనను.

ముందు ఏది లోపించిందో చూడాలి. పరిశోధకులు ఇప్పుడు అర్థాన్ని మూడుగా విడదీస్తున్నారు. జరుగుతున్నది బోధపడటం, ఒక దిక్కు ఉండటం, నేనున్నందుకు తేడా పడుతుందన్న భావం. ఇల్లు మారినప్పుడో బంధం తెగినప్పుడో పోయేది మొదటిది. చదువో ప్రాజెక్టో ముగిసినప్పుడు పోయేది రెండోది. ఒంటరితనంలో పోయేది మూడోది. మూడిటికీ మందు ఒకటి కాదు. దిక్కు బాగానే ఉండి ఎవరికీ అక్కర్లేదనిపిస్తున్నవాడికి కొత్త లక్ష్యాలు ఇస్తే ఇంకా నీరసపడతాడు.

తర్వాత కాగితం. బిహేవియరల్ యాక్టివేషన్ అని, చేసే పనుల్ని మార్చడం ద్వారా డిప్రెషన్‌ను తగ్గించే చికిత్సలో వాడేదే, చిన్న మార్పుతో. ఏడు రోజులు, మేలుకున్న ప్రతి గంటకూ ఒక గడి. గడిలో ఏం చేశారు, ఎంత హాయి (0–10), ఎంత విలువ (0–10). విలువ అంటే, రేపు ఇదే గంట మళ్లీ ఇస్తే ఇలాగే ఖర్చుపెడతారా అని. ఈ వారం ఏమీ మార్చకండి, రాయండి అంతే. వారం చివర హాయి తక్కువ, విలువ ఎక్కువ ఉన్న గడులకు గీత గీయండి. అసలు సమాచారం అక్కడుంటుంది. రెండూ ఎక్కువున్నవి ఎలాగూ తెలిసినవే.

రెండో వారం గీత గీసినవాటిలోంచి ఒక్కటే ఎంచుకోండి. 25 నిమిషాలు, వారానికి మూడుసార్లు, ఏ రోజు, ఏ వేళ అన్నది ముందే రాసి. శ్రుతి గారు చెప్పిన రెండూ అందులో ఉండాలి. చేస్తే తప్పొప్పులు తేలే పనై ఉండాలి, మీరు రాకపోతే కనీసం ఒక మనిషికి తెలియాలి. ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో "దీనికి అర్థముందా" అన్న విచారణ బంద్. విచారణకు ఆరో వారం చివర ఒక గంట కేటాయించి ఉంచండి, మధ్యలో ప్రశ్న వస్తే ఆ గంటకు వాయిదా వేయండి.

జనం ఎక్కడ పడిపోతారంటే, మొదటి వారమే ఐదు పనులు ఎత్తుకుంటారు. లేదా మనసు పుట్టాక మొదలుపెడదామని ఆగుతారు. ఈ పద్ధతిలో చేయడం ముందు, మనసు పుట్టడం తర్వాత. ఆ వరస తిరగేస్తే ఇక నడవదు. ఇంకొందరు చెప్పుకోవడానికి బాగుండే పనిని ఎంచుకుంటారు. దానికి చూసేవాళ్లు కావాలి, చూసేవాళ్లు లేని రోజున ఆగిపోతుంది. చాలామంది రెండో మూడో వారంలో, కొత్తదనం పోయి నైపుణ్యం ఇంకా రాని చోట మానేస్తారు. ఆ చప్పదనాన్ని "అర్థం లేదు" అని చదువుతారు. అది నేర్చుకోవడంలో మామూలుగా వచ్చే పల్లం.

సున్నాకింద_సున్నా
విచారణ బంద్ అంటే కళ్లకు గంతలు కట్టుకోమనేగా? తెలిసీ తెలియనట్టు నటించడం నాకు చేతకాదు.

పాతపుస్తకం
నటన అక్కర్లేదు, గడువు పెట్టుకుంటే చాలు. అమెరికన్ తత్వవేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1870 ఏప్రిల్ 30న డైరీలో రాసుకున్నది చూడండి. స్వేచ్ఛాసంకల్పం, అంటే మనిషికి నిజంగా ఎంచుకునే స్వేచ్ఛ, ఉందో లేదో తేలక కుంగిపోయి ఉన్నాడు. ఫ్రెంచ్ తత్వవేత్త రెనూవియే రచన చదివాక, అది భ్రమ కాదని ప్రస్తుతానికి, వచ్చే ఏడాదిదాకా అనుకుంటానని రాశాడు. రుజువైందని అనలేదు. అన్నాళ్లు ఆ ఊహ మీద నడిచి చూస్తానన్నాడు. మీకు ఆరు వారాలే.

చార్వాకుడి_చుట్టం
ఒక్క అభ్యంతరం. ఆరు వారాల తర్వాత కూడా "ఏదీ ముఖ్యం కాదు" అన్నది అలాగే ఉంటే?

గళ్లకాగితం
ఉండొచ్చు. మార్చాల్సింది ఆ వాక్యం కాదు, విలువ గడి. వాక్యం నిజమనిపిస్తూనే గడిలో 2 ఉన్నది 6 అయినవాళ్లు ఉంటారు. ఆరు వారాలు సరిగ్గా చేసినా హాయీ విలువా రెండూ 0, 1 దగ్గరే ఆగిపోతే పని మార్చకండి, నిదానంగా గారు చెప్పినట్టు డాక్టర్ దగ్గరికి ఈ కాగితమే పట్టుకెళ్లండి. "ఏదోలా ఉంది" అనడం కంటే అది వారికి చాలా పనికొస్తుంది.

మధ్యేమార్గం
కొలవాలనుకునేవాళ్లకు మనస్తత్వ శాస్త్రవేత్త స్టీగర్ బృందం 2006లో చేసిన ప్రశ్నావళి కూడా ఉంది. 10 ప్రశ్నలు, 1 నుంచి 7. ఐదు అర్థం ఉందా అని, ఐదు వెతుకుతున్నారా అని. తొమ్మిదోదాన్ని తిరగేసి లెక్కించాలి, అక్కడే అందరూ తప్పుతారు. రెండు మొత్తాలూ కలపకూడదు. వెతుకులాట మార్కు ఎక్కువ వచ్చిందని కంగారు వద్దు, ఉన్నదన్న మార్కు ఎక్కువుండి వెతుకులాటా ఎక్కువున్నవాళ్లు హాయిగానే ఉంటారు.

సున్నాకింద_సున్నా
కాగితం మొదలుపెట్టా. రెండు సందేహాలు. నిద్రకు ముందు ఒకేసారి రోజంతా నింపొచ్చా? ఆదివారం గడులన్నీ ఖాళీగా ఉంటే ఏం రాయాలి?

గళ్లకాగితం
రాత్రి నింపితే ఆ రాత్రి మూడ్ రోజంతటికీ రంగు పూస్తుంది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు మిగిలింది. ఆదివారం ఖాళీ అని రాయకండి, ఏ గంటా ఖాళీగా ఉండదు. ఫోన్ చూస్తే ఫోన్, పైకప్పు చూస్తే పైకప్పు. సెలవు రోజున పని ఆగగానే బయటపడే వెలితిని ఫ్రాంకల్ ఆదివారపు జబ్బు అన్నాడు. కాబట్టి మిగతా ఆరు రోజుల కంటే ఆ గడులే జాగ్రత్తగా నింపండి.

ఎందుకైనా_మంచిది
పైకప్పుకి హాయి 4, విలువ 1. ఫ్యాన్ తిరిగితే హాయి 5.

గళ్లకాగితం
రాసుకోండి, అదీ లెక్కే.